బియాట్రిస్ దగ్గర ఫ్రీమన్ పొలం: 400 పీచ్ మొక్కలకు నీళ్ళు ఎవరు పోశారు?

తూర్పుచేను
అందరికీ నమస్కారం. మొన్న శనివారం నాన్నను తీసుకుని బియాట్రిస్ వెళ్ళొచ్చాను. మేముండేది నెబ్రాస్కాలోని లింకన్‌లో. అక్కడి నుంచి దక్షిణంగా గంట లోపే ప్రయాణం. ఊరికి పడమరగా నాలుగు మైళ్ళ దూరంలో హోమ్‌స్టెడ్ నేషనల్ హిస్టారికల్ పార్క్ ఉంది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద ప్రభుత్వం నుంచి ఉచితంగా భూమి పొందిన మొదటి రైతుగా చెప్పుకునే డేనియల్ ఫ్రీమన్ పొలం అదే.

నాన్న అద్దంకి దగ్గర నలభై ఏళ్ళు పొగాకు, మినుము పండించారు. అమెరికా వచ్చాక ఏ ఊరు తీసుకెళ్ళినా పది నిమిషాల్లో "ఇక పోదామా" అంటారు. ఇక్కడ మాత్రం నాలుగు గంటలు కదల్లేదు. మ్యూజియం బొమ్మల్ని పెద్దగా పట్టించుకోలేదు. 1868లో ఫ్రీమన్ ల్యాండ్ ఆఫీసుకు ఇచ్చిన రుజువు కాగితంలో ఏముందో చదివి తెలుగులో చెప్తుంటే ఆగిపోయారు.

"ఇల్లు కొంత దుంగలతో, కొంత చెక్కతో కట్టినది. 14 అడుగులకు 20 అడుగులు. ఒకే అంతస్తు, రెండు తలుపులు, రెండు కిటికీలు, నేలకు పలకలు. సుమారు 35 ఎకరాలు దున్ని, కంచె వేసి సాగు చేశాడు. పశువుల కొట్టం, 100 అడుగుల పొడవున గొర్రెల పాక, మొక్కజొన్న గాదె. 40 ఆపిల్ చెట్లు, సుమారు 400 పీచ్ చెట్లు."

నాన్న వెంటనే "ఇది అడంగల్ రా" అన్నారు. కాసేపాగి, "400 మొక్కలు పెట్టాడు సరే, నీళ్ళు ఎవరు పోశారు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఈ కుటుంబం గురించి తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి, నాన్నకు చదివి వినిపిస్తాను.

ఒమాహా రాధిక
మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ పొలానికి మూడుసార్లు వెళ్ళాను, పిల్లల స్కూల్ ట్రిప్పులకు తోడుగా. ప్రతిసారీ అర్ధరాత్రి కథే చెప్తారు, పిల్లలకు అదే నచ్చుతుంది కూడా. తెలియనివాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నా.

అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఆ చట్టం మీద సంతకం పెట్టింది 1862 మే 20న. అమల్లోకి వచ్చింది 1863 జనవరి 1న. ఇరవై ఒక్క ఏళ్ళు నిండినవాళ్ళు, లేదా కుటుంబ పెద్దలు ఎవరైనా 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేస్తే భూమి వాళ్ళదే. మొత్తం ఖర్చు 18 డాలర్ల ఫీజు. ప్రభుత్వం మీద ఆయుధం పట్టినవాళ్ళు మాత్రం అనర్హులు. అప్పటికి అంతర్యుద్ధం నడుస్తోంది కదా.

ఫ్రీమన్ తాను ఉత్తర సైన్యం పని మీద ఉన్నానని, వెంటనే వెళ్ళిపోవాలని చెప్పుకున్నాడు. డిసెంబర్ 31 రాత్రి మిస్సోరి నది ఒడ్డున బ్రౌన్‌విల్ ఊళ్ళో వేడుక జరుగుతోంది. అక్కడ కలిసిన ల్యాండ్ ఆఫీసు ఉద్యోగిని బతిమాలి, అర్ధరాత్రి దాటగానే ఆఫీసు తెరిపించి, మొదటి దరఖాస్తు పెట్టాడని కథ. ఆ రోజు దేశం మొత్తం మీద 418 దరఖాస్తులు వచ్చాయి.

పాత రికార్డులు
నేను రెవెన్యూలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైర్ అయ్యాను. కరీంనగర్ జిల్లా. తూర్పుచేను గారూ, మీ నాన్నగారు అడంగల్ అన్నది మా వైపు పహాణీ. ఆయన సరిగ్గా పట్టుకున్నారు. రెండూ ఒకటే పని చేస్తాయి: ఎవరు సాగులో ఉన్నారు, ఏం వేశారు, ఎంత విస్తీర్ణంలో వేశారు.

"మొదటి" అన్న మాట మీద ఒక విషయం చెప్పాలి. ప్రతి ల్యాండ్ ఆఫీసుకూ సొంత రిజిస్టర్ ఉంటుంది, సొంత ఒకటో నంబర్ ఉంటుంది. బ్రౌన్‌విల్‌లో ఫ్రీమన్‌ది ఒకటో నంబర్. అదే రోజు మిగతా ఆఫీసుల్లోనూ ఎవరో ఒకరు ఒకటో నంబరే అయ్యుంటారు. ఫ్రీమన్‌ను నిలబెట్టింది అర్ధరాత్రి దరఖాస్తు కాదు, తర్వాత వచ్చిన పట్టా. 1869 సెప్టెంబర్ 1 తేదీతో గ్రాంట్ అధ్యక్షుడిగా ఉండగా జారీ అయింది. ఒకటో సంపుటం, ఒకటో పేజీ. ఒకటో నంబర్ అనడానికి ఆధారం అదే.

ఇంకొకటి. ఆ రుజువు కాగితంలో సాక్షులు ఇద్దరు, జోసెఫ్ గ్రాఫ్, సామ్యూల్ కిల్‌పాట్రిక్. ఫ్రీమన్ 1863 జనవరి 1న ఆ భూమిలో స్థిరపడ్డాడని, ఆనాటి నుంచీ అదే తన ఇల్లని వాళ్ళు వాంగ్మూలం ఇచ్చారు. కానీ అదే జనవరి 1న ఆయన బ్రౌన్‌విల్‌లో కదా ఉన్నాడు? అక్కడి నుంచి పొలానికి సుమారు 60 మైళ్ళు. చలికాలం, గుర్రం మీద ప్రయాణం. ఒకే రోజు రెండూ కుదరవు.

దీన్ని నేను మోసం అనను. దరఖాస్తు తేదీనే స్వాధీన తేదీగా రాయడం ఏ దేశపు రికార్డులోనైనా కనిపించేదే. పంచనామా రాసేటప్పుడు పొరుగు రైతులు "అవునండీ, ఈయనే దున్నుతున్నాడు" అంటారు. వాళ్ళకు తేదీ ముఖ్యం కాదు, మనిషి ముఖ్యం. గొర్రెల పాక పొడవు మాత్రం ఎవరూ ఊహించి చెప్పరు. 100 అడుగులని రాశారంటే ఎవరో టేపో తాడో పట్టి కొలిచినట్టే అనిపిస్తుంది. నేనైతే తేదీని పక్కనపెట్టి, పాకను నమ్ముతాను.

నల్లరేగడి
పాత రికార్డులు గారూ, చాలా బాగా చెప్పారు. ఆ భూమి ఆకారం ఎవరైనా గమనించారా? అక్కడ సర్వే అంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. చదరపు మైలు అంటే 640 ఎకరాలు ఒక సెక్షన్. అందులో నాలుగో వంతు 160. అందరూ నలుచదరపు ముక్క తీసుకుంటారు. ఫ్రీమన్ తీసుకోలేదు. 40 ఎకరాల ముక్కలు నాలుగింటిని ఇంగ్లీషు టీ అక్షరాన్ని తలకిందులు చేసినట్టు అమర్చుకున్నాడు.

కారణం కబ్ క్రీక్ అనే వాగు. ఆ మైదానంలో కనుచూపు మేర గడ్డే, చెట్టు దొరకదు. వాగు వెంట మాత్రమే కలప, నీళ్ళు. ఇంటికి దుంగలు, పొయ్యిలోకి కట్టెలు, గొర్రెలకు నీళ్ళు, పీచ్ మొక్కలకు నీళ్ళు, అన్నీ ఆ వాగు నుంచే రావాలి. చదరపు ముక్క అడిగి ఉంటే వాగు చాలావరకు పక్కవాడికి పోయేది. 160 ఎకరాల్లో నీటిపట్టు ఎక్కడుందో చూసి గీత గీసుకున్నవాడు రైతే. అర్ధరాత్రి పరుగు కన్నా నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

ఐదేళ్ళలో 35 ఎకరాలేనా అని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ గడ్డి సంగతి తెలిస్తే అలా అనిపించదు. బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి వానాకాలం బాగుంటే మనిషి ఎత్తు దాటుతుంది. కింద వేళ్ళు చాపలా అల్లుకుని ఉంటాయి. పోత ఇనుప నాగలికి ఆ మట్టి అంటుకుపోయేది. తడి రేగడిలో దున్నినవాళ్ళకు ఆ బాధ తెలుసు, నాలుగడుగులకోసారి ఆగి గీకాలి. 1837లో ఇల్లినాయ్‌లో జాన్ డీర్ అనే కమ్మరి నునుపైన ఉక్కుతో నాగలి చేశాక మట్టి దానంతటదే జారిపోవడం మొదలైంది. అయినా కొత్త నేల విరగదీయడం జంతువులకూ మనిషికీ నరకమే. 35 ఎకరాలు తక్కువేం కాదు.

ఒమాహా రాధిక
ఇక అసలు ప్రశ్నకు వస్తాను. నీళ్ళు ఎవరు పోశారు?

నా మాట ఆగ్నెస్ అని. పూర్తి పేరు ఆగ్నెస్ సూటర్. అయోవాలో మిసిసిపి నది ఒడ్డున లెక్లేర్ అనే ఊరు. ఆమెకు మొదట నిశ్చయమైంది డేనియల్‌తో కాదు, అతని తమ్ముడు జేమ్స్‌తో. జేమ్స్ యుద్ధంలో చనిపోయాడు. తర్వాత డేనియల్ ఆమెకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. పెళ్ళి కూడా ఉత్తరాల్లోనే అడిగాడు. అప్పటికే అతని మొదటి భార్య చనిపోయింది. 1865 ఫిబ్రవరిలో పెళ్ళయింది. ఆమెకు ఇరవై ఒకటి, అతనికి ముప్ఫై ఎనిమిది.

ఇప్పుడు ఆ కాగితాన్ని మళ్ళీ చదవండి. 1868 జనవరి నాటికి "భార్య, ఇద్దరు పిల్లలు" అని ఉంది. అంటే పెళ్ళయిన మూడేళ్ళలో ఇద్దరు పిల్లలు, 14 అడుగులకు 20 అడుగుల ఇల్లు, గొర్రెలు, 440 చెట్లు. డేనియల్ వైద్యుడు కూడా. ఆ రోజుల్లో వైద్యుడంటే ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్ళాలి. ఆయన లేనప్పుడు ఆ మొక్కల సంగతి ఎవరు చూసుంటారు? రికార్డులో ఆమె "భార్య" మాత్రమే, పేరు కూడా లేదు. కానీ ఆ 400 అన్న అంకెలో నాకు ఆమే కనిపిస్తుంది.

వాళ్ళకు మొత్తం ఎనిమిది మంది పిల్లలు. డేనియల్ 1908 డిసెంబర్ 30న పోయాడు. ఆగ్నెస్ 1931 దాకా బతికింది. ఇద్దరినీ ఆ పొలంలోనే సమాధి చేశారు.

తూర్పుచేను
రాధిక గారూ, ఇది నాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మా అమ్మ గురించి ఒక మాట చెప్పారు. 1980ల్లో పొగాకు నారుకు కుండలతో నీళ్ళు పోసేవాళ్ళట. పట్టాదారు పాస్ పుస్తకంలో ఆయన ఫోటో ఉందట, నీళ్ళు పోసింది మాత్రం అమ్మేనట. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఈ మాట ఆయన నోట నేను వినడం ఇదే మొదటిసారి.

మిత్రవింద
ఆలస్యంగా చదివాను, మన్నించండి. ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తుంటే ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నా. ఆ భూమి 1863లో ఖాళీగా పుట్టలేదు. ఓటో, మిస్సోరియా అనే ఆదివాసీ జాతుల నేల అది. 1854లో ఒప్పందం పేరుతో నెబ్రాస్కాలోని వాళ్ళ భూమిలో చాలాభాగం ప్రభుత్వం తీసుకుంది. బిగ్ బ్లూ నది వెంట ఒక రిజర్వేషన్ మిగిల్చింది. అది బియాట్రిస్‌కు దక్షిణంగా, ఫ్రీమన్ ఉన్న గేజ్ కౌంటీలోనే, కాన్సస్ సరిహద్దు దాటి కొంత. అంటే ఫ్రీమన్ పిల్లలు పెరిగిన కాలంలో వాళ్ళు ఇరుగుపొరుగే. 1881లో వాళ్ళను అక్కడి నుంచి కూడా ఇప్పుడు ఓక్లహోమా అంటున్న చోటికి పంపేశారు.

ఫ్రీమన్ కష్టాన్ని తక్కువ చేయడానికి కాదు. హోమ్‌స్టెడ్ చట్టం కింద మొత్తం సుమారు 27 కోట్ల ఎకరాలు పంచారు, అమెరికా నేలలో పదో వంతు. పట్టా రాసే ముందు ఆ పేజీలో ఇంకొకరి పేరు కొట్టేశారన్నది కూడా రికార్డే.

పాత రికార్డులు
మిత్రవింద గారూ, ధన్యవాదాలు. మా జిల్లాల్లో ఏజెన్సీ ఫైళ్ళు చూసినవాణ్ణి. మీరు చెప్పింది నాకు బాగా అర్థమైంది. నేను పైన రాసినప్పుడు ఇది చేర్చాల్సింది, చేర్చలేదు.

అదే చట్టంలో ఇంకో వైపు కూడా ఉంది. ఆడవాళ్ళు, పెళ్ళి కానివాళ్ళైనా, వితంతువులైనా, సొంత పేరున దరఖాస్తు పెట్టుకోవచ్చు. బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివాళ్ళు పౌరసత్వం వచ్చాక ఎందరో తీసుకున్నారు. పౌరులు అవుతామని రాసిచ్చిన వలస జనం, జర్మన్లు, చెక్‌లు, నార్వే, స్వీడన్ వాళ్ళు కూడా తీసుకున్నారు. పెళ్ళైన స్త్రీకి మాత్రం మామూలుగా వీలు లేదు, కుటుంబ పెద్ద భర్తే కాబట్టి. ఆగ్నెస్ విషయంలో అయితే దరఖాస్తు పెళ్ళికి ముందే డేనియల్ పేరున పడింది, పట్టా కూడా ఆయన పేరునే వచ్చింది.

నల్లరేగడి
మరో చిన్న విషయం, పార్క్ వెళ్ళేవాళ్ళ కోసం. పొలం దక్షిణపు హద్దున ఓసేజ్ ఆరెంజ్ చెట్ల వరుస ఉంటుంది, చూడకుండా రావద్దు. ముళ్ళ చెట్టు, దగ్గర దగ్గరగా నాటితే పశువు దూరదు. ముళ్ళ తీగ కంచె మీద గ్లిడెన్ అనే ఆయనకు పేటెంట్ వచ్చింది 1874లో. అంతకు ముందు రైతుకు కంచె అంటే ఇదే. ఫ్రీమన్ నాటించిన వరుస అంటారు. కాయలు ఆకుపచ్చగా, మెదడులా ముడతలు పడి ఉంటాయి. తినడానికి పనికిరావు.

వికాస్ కాన్సస్
ఫ్రీమన్ పేరు నేను లా కాలేజీలో విన్నాను, పొలం వల్ల కాదు, కేసు వల్ల. ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నా.

పొలానికి దగ్గర్లో ఫ్రీమన్ స్కూల్ అని ఇటుకల బడి ఉంది. ఒకే గది. 1872 నుంచి 1967 దాకా నడిచింది. 1899లో అక్కడ ఎడిత్ బీచర్ అనే టీచర్ తరగతిలో బైబిల్ చదివి, ప్రార్థన చేయించి, భక్తి గీతాలు పాడించేవారు. డేనియల్ ఫ్రీమన్ వద్దన్నాడు. స్కూల్ బోర్డు టీచర్ పక్షాన నిలిచింది. అప్పటికి ఆయనకు డెబ్బై మూడేళ్ళు. జిల్లా కోర్టులో ఓడిపోయాడు. ఆగలేదు, పైకి వెళ్ళాడు. 1902లో నెబ్రాస్కా సుప్రీంకోర్టు ఆయన వైపు తీర్పు ఇచ్చింది. బైబిల్‌ను బడిలో అసలు తాకకూడదని కాదు, ఒక మతశాఖ బోధనగా, ఆరాధనగా వాడకూడదని. దేశం మొత్తానికీ అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో బైబిల్ పఠనం మీద తీర్పు ఇచ్చింది 1963లో. అంటే ఆయన అరవై ఏళ్ళు ముందున్నాడు.

ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషి, అందరూ చర్చికి వెళ్ళే చోట, ముసలితనంలో సొంత ఊరి బడి మీద కోర్టుకెక్కాడు. ఎంత టెన్షన్ పడి ఉంటారో ఇంట్లో! అది కూడా ఈ కుటుంబం కథలో భాగమే.

ఒమాహా రాధిక
వికాస్, థాంక్యూ తమ్ముడూ. మూడుసార్లు వెళ్ళినా ఆ బడి గదిలో బెంచీల ఫోటోలు తీసుకుని వచ్చేశాను, కేసు సంగతి ఇంత వివరంగా తెలియదు. ఆ బడి పేరు డేనియల్ వల్ల వచ్చిందో, ఇటుకలు ఇచ్చిన థామస్ ఫ్రీమన్ అనే పొరుగాయన వల్ల వచ్చిందో రెండు రకాలుగా చెప్తారు.

తూర్పుచేను గారూ, మీరు పామర్-ఎపర్డ్ ఇల్లు చూశారా? వేరే రైతు 1867లో కట్టుకున్న దుంగల ఇల్లు, తెచ్చి అక్కడ పెట్టారు. 14కి 16 అడుగులు. అందులో పదిమంది పిల్లల్ని పెంచారు. ఫ్రీమన్ ఇల్లు దానికన్నా కాస్త పెద్దదే. తర్వాత వాళ్ళు ఇటుకల ఇల్లు కట్టుకున్నారు, అది కాలిపోయింది.

తూర్పుచేను
చూశామండీ. నాన్న గడప దగ్గర నిలబడి అడుగులతో కొలిచారు. "మా మొదటి కొట్టం ఇంతే" అన్నారు.

ఈ వారం అంతా రోజూ రాత్రి ఈ పేజీ చదివి వినిపిస్తున్నాను. మిత్రవింద గారు రాసింది రెండుసార్లు చదివించుకున్నారు. "మరి వాళ్ళ చేలేమయ్యాయి? వాళ్ళూ మొక్కజొన్న వేసేవాళ్ళే కదా?" అని అడిగారు. అవును, ఓటోలు నదుల పక్కన మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించేవాళ్ళని చెప్పాను.

నల్లరేగడి గారూ, పార్కులో ఇప్పుడున్న ఆ పొడవాటి గడ్డి కూడా మనుషులు మళ్ళీ నాటిందేనట. దున్ని దున్ని పాడైన నేలలో 1939 నుంచి గడ్డి పెంచుతున్నారు. 35 ఎకరాలు విరగదీయడానికి ఐదేళ్ళు పట్టింది, దాన్ని మళ్ళీ గడ్డి చేయడానికి ఎనభై ఏళ్ళకు పైగా పడుతోందని చెప్తే నాన్న ఆశ్చర్యపోయారు.

సెప్టెంబర్లో బ్లూస్టెమ్ ఎర్రబడుతుందని అక్కడి గైడ్ చెప్పింది. అప్పుడు మళ్ళీ వెళ్దామంటున్నారు. ఈసారి సమాధుల దగ్గర పువ్వులు పెట్టాలట, ఆగ్నెస్ గారి వైపు. పెట్టనిస్తారా లేదా అని ముందే ఫోన్ చేసి కనుక్కుంటాను. ఎవరైనా వస్తామంటే చెప్పండి, కారులో మూడు సీట్లు ఖాళీ ఉన్నాయి.

ఒమాహా రాధిక
నేను, మా చిన్నది వస్తాం. పులిహోర నాది.

నల్లరేగడి
నాకు ఒక సీటు ఉంచండి. లింకన్ బస్టాండ్ దగ్గర ఎక్కుతాను.